ద్వారమునొద్ద కూర్చున్నవాని చూపు

వాక్యభాగములు: 1 సమూయేలు 1:9–18; 1 సమూయేలు 2:12–17; అపొస్తలుల కార్యములు 21:27–32; యాకోబు 2:1–9
కంఠస్థము చేయవలసిన వచనము: యోహాను 7:24



మన సంఘమునుండి అమెరికా దేశమునకు వెళ్లి అచ్చట స్థిరపడిన ఒక కుమారుడు క్రిందటి నెలలో ఒక రాత్రి మాకు ఫోను చేసెను. అతడు పెట్రోలు బంకునకు ఆనుకొనియున్న ఒక చిన్న దుకాణములో పని చేయుచున్నాడు. పాలు, రొట్టె, కూల్‌డ్రింకులు, సిగరెట్లు అమ్ము దుకాణమది. దాని యజమాని కూడ మన తెలుగువాడే. కుశలప్రశ్నలు అయిన తరువాత అతడు కొంతసేపు మౌనముగా నుండి, "అయ్యగారూ, మిమ్మల్ని ఒక మాట అడగాలి. చూడటం కూడా పాపమేనా?" అని అడిగెను.

సంగతి ఏమనగా, నల్లజాతి పిల్లలు దుకాణములోనికి వచ్చినప్పుడు వారి వెనుకనే తిరిగి కనిపెట్టుచుండవలెనని యజమాని అతనికి పని నేర్పిన మొదటి దినముననే చెప్పియుండెను. ఒక సాయంకాలము సుమారు పదునాలుగేండ్ల నల్లజాతి బాలుడొకడు బడి సంచి భుజమున వేసికొని లోనికి వచ్చెను. మనవాడు అలవాటు చొప్పున కౌంటరు వెనుకనుండి లేచి, సరుకులు సర్దుచున్నట్లు నటించుచు ఆ బాలుని వెంట నడిచెను. బాలుడు ఒక పాల డబ్బాను, ఒక రొట్టెను తీసికొని వచ్చి డబ్బు చెల్లించెను. చెల్లించిన తరువాత, ఎవరును అడుగకయే, తన సంచిని కౌంటరు మీద పెట్టి తెరచి చూపెను. లోపల పుస్తకములు, ఒక చలి టోపీ మాత్రమే యుండెను. బాలుడు ఒక్క మాటయు పలుకక సంచి మూసికొని వెళ్లిపోయెను.

"నేనేమీ అనలేదయ్యగారూ. దొంగ అనలేదు, సంచి చూపించమనలేదు. చూశానంతే. కాని ఆ పిల్లవాడు సంచి తెరిచిన తీరు నన్ను నిద్రపోనివ్వడం లేదు" అని అతడు చెప్పెను.

ఆ రాత్రి మేము అతనితో కలిసి ప్రార్థించితిమి గాని, అతని ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. అప్పటినుండి వాక్యములో మేము వెదకిన జవాబే ఈ నెల పాఠము. నేడు మన గ్రామములనుండి అనేకుల బిడ్డలు ఆ దేశములోని దుకాణములలో కౌంటరుకు అవతల కొందరు, ఇవతల కొందరు నిలుచుచున్నారు. కాబట్టి ఇది మనకు దూరపు సంగతి కాదు.

1. ఆ బాలునికి సంచి తెరచుట ఎవరు నేర్పిరి?

అమెరికాలోని నల్లజాతి తలిదండ్రులు తమ బిడ్డలకు చిన్నతనమందే కొన్ని జాగ్రత్తలు నేర్పుదురు. దుకాణములో చేతులు జేబులలో పెట్టుకొనకూడదు. కొననిదానిని ముట్టకూడదు. చొక్కాకు కుట్టిన టోపీని తలమీదికి లాగుకొనకూడదు. ఎంత చిన్న వస్తువు కొన్నను రసీదు అడిగి తీసికొని, దానిని చేతిలో పట్టుకొనియే బయటికి రావలెను. ఇవి మర్యాద పాఠములు కావు. బిడ్డ క్షేమముగా ఇల్లు చేరవలెనని తల్లి భయముతో చెప్పు పాఠములు.

ఆ రసీదునకు పాత చరిత్ర కలదు. 1960 ఫిబ్రవరి 1వ తేదీన నార్త్ కరోలినా రాష్ట్రములోని గ్రీన్స్‌బరో పట్టణమందు నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ అను పెద్ద దుకాణములో ప్రవేశించిరి. మొదట కొన్ని చిన్న వస్తువులు కొని రసీదులు తీసికొనిరి. తరువాత తెల్లవారికి మాత్రమే ఫలహారము వడ్డించు కౌంటరునొద్ద కూర్చుండిరి. ఒక కౌంటరు దగ్గర మా డబ్బు తీసికొన్నవారు మరియొక కౌంటరు దగ్గర ఎందుకు తీసికొనరని అడుగుటకు ఆ రసీదులే వారి చేతిలోని సాక్ష్యము. అదే సంవత్సరము జూలై 25న ఆ కౌంటరు నల్లవారికిని తెరువబడెను. 1964లో వచ్చిన పౌరహక్కుల చట్టము భోజనశాలలలో, హోటళ్లలో, సినిమా హాళ్లలో జాతిభేదమును నిషేధించెను.

తలుపు తెరువబడెను గాని చూపు మారలేదు. మూడు సంగతులు మాత్రము జ్ఞాపకము చేసికొందము.

1991 మార్చి 16వ తేదీన లాస్ ఏంజిలిస్ నగరములో లటాషా హార్లిన్స్ అను పదునైదేండ్ల నల్లజాతి బాలిక ఒక కొట్టులోనికి వెళ్లి, 1 డాలరు 79 సెంట్ల వెల గల నారింజ రసపు సీసా తీసికొని తన సంచిలో పెట్టుకొని కౌంటరు దగ్గరకు వచ్చెను. కొట్టు యజమానురాలు దొంగతనమని తలంచి ఆమెను పట్టుకొనెను. పెనుగులాట జరిగెను, బాలిక ఆమెను కొట్టెను. తరువాత సీసాను కౌంటరు మీద పెట్టి వెళ్లిపోవుటకు వెనుదిరుగగా యజమానురాలు తుపాకితో ఆమె తల వెనుక కాల్చెను. చనిపోయిన ఆ బిడ్డ చేతిలో 2 డాలర్లు ఉండెను. ఇదంతయు కొట్టులోని కెమెరాలో నమోదైనది. జ్యూరీవారు యజమానురాలిని నరహత్యా నేరస్థురాలిగా తీర్చిరి. కాని న్యాయాధిపతి చెరసాల శిక్ష అమలు చేయక, ఐదేండ్ల ప్రొబేషను, 400 గంటల సమాజసేవ, 500 డాలర్ల జరిమానా విధించి విడిచిపెట్టెను.

1995లో మేరీలాండ్ రాష్ట్రములో ఒక నల్లజాతి యువకుడు తన స్నేహితులతో బట్టల అమ్మకమునకు వెళ్లెను. అతడు తొడుగుకొన్న చొక్కా అంతకుముందు దినము అదే సంస్థలో కొన్నదే. కాని కావలివాడు రసీదు చూపమని అడిగి, అది చేతిలో లేనందున చొక్కాను అక్కడనే విప్పించెను. ఆ యువకుడు బనీనుతో ఇంటికి పోవలసివచ్చెను. 1997లో న్యాయస్థానములోని జ్యూరీ అతనికిని అతని ఇద్దరు స్నేహితులకును కలిపి పది లక్షల డాలర్ల పరిహారము ఇయ్యవలెనని తీర్పు చెప్పెను.

2013లో న్యూయార్క్ నగరములో పందొమ్మిదేండ్ల నల్లజాతి విద్యార్థి బార్నీస్ అను ఖరీదైన దుకాణములో సుమారు 350 డాలర్ల నడుముపట్టీని తన సొంత బ్యాంకు కార్డుతో కొని బయటికి రాగా పోలీసులు అతనిని నిర్బంధించిరి. ఇంత వెలగలది నీవెట్లు కొనగలవన్నదే వారి సందేహము. దొంగిలించకపోయినను, డబ్బు చెల్లించినను, అనుమానము అతనిని వదలలేదు. న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ విచారణ జరిపిన తరువాత 2014 ఆగస్టులో ఆ దుకాణము 5,25,000 డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను.

ఈ అనుభవము పేదలకు మాత్రమే కాదు. 2013 జూలైలో అధ్యక్షుడైన బరాక్ ఒబామా మాటలాడుచు, దుకాణములో వెంబడింపబడని నల్లజాతి పురుషులు ఆ దేశములో బహు కొద్దిమందియే యుందురనియు, తాను కూడ అట్లు వెంబడింపబడినవాడనేననియు చెప్పెను. అధ్యక్ష పదవికి రాదగినవాడు కూడ యౌవనములో ఆ చూపును తప్పించుకొనలేదు.

ఇప్పుడు మన ప్రశ్నకు జవాబు కొంత తెలిసినది. ఆ సాయంకాలము ఆ బాలునికి సంచి తెరచుట నేర్పినవాడు మనవాడు ఒక్కడే కాడు. ఆ బాలుడు పుట్టకమునుపే ఆ పాఠము వ్రాయబడియుండెను. మనవాడు దానిని మరియొకసారి చదివించెను.

2. ఏలీ చూపు

ఇప్పుడు షిలోహునకు పోదము. యాజకుడైన ఏలీ యెహోవా మందిర ద్వారమునొద్ద ఆసనముమీద కూర్చుండియుండెను. లోనికి వచ్చువారిని బయటికి పోవువారిని చూచు స్థలమది. బిడ్డలు లేని హన్నా అను స్త్రీ మనోవేదనతో వచ్చి దేవుని సన్నిధిని ఏడ్చుచు ప్రార్థించుచుండెను. ఆమె పెదవులు కదలుచుండెను గాని స్వరము వినబడలేదు. ఏలీ ఆమె నోటిని కనిపెట్టి చూచెను. చూచి, ఆమె మత్తురాలని తలంచెను.

గమనించుడి, ఏలీ చూచినది నిజమే. పెదవులు కదలుట నిజము, శబ్దము లేకపోవుట నిజము. కాని ఆ కనబడిన దానికిని అతడు చేసిన నిర్ణయమునకును మధ్య ఒక్క ప్రశ్నయు లేదు. అమ్మా, నీకు ఏమి కష్టమని అడుగలేదు. కన్ను చూచెను, హృదయము తీర్పు తీర్చెను, నోరు గద్దించెను.

ఈ కథలో మిక్కిలి దుఃఖకరమైన సంగతి తరువాతి అధ్యాయములో నున్నది. అదే మందిరములో నిజముగా దొంగతనము జరుగుచుండెను. చేసినవారెవరు? ఏలీ సొంత కుమారులు! బలి అర్పించుటకు వచ్చినవారి కుండలలోనుండి మూడు ముండ్ల కొంకితో మాంసము లాగుకొనుచు, క్రొవ్వు దహింపకమునుపే పచ్చి మాంసము బలవంతముగా తీసికొనుచు నుండిరి. ప్రార్థించు స్త్రీ పెదవులను అంత జాగ్రత్తగా కనిపెట్టిన ఆ కన్నులు, తన ఇంటివారి చేతులను సకాలమున అరికట్టలేదు.

అనుమానము మనలను మెలకువగా నుంచునని తలంతుము. అది నిజము కాదు. ఒక వైపు తేరిచూచువాడు మరియొక వైపు గ్రుడ్డివాడగును. దుకాణములలో సరుకు తగ్గుటకు కారణములు అనేకములు. కొనవచ్చినవారి దొంగతనము ఒకటి. పనివారి దొంగతనము మరియొకటి. లెక్కలలో పొరపాటులు, చెడిపోయిన సరుకు కూడ కలవు. నల్లని ముఖము వెంట నడచు కావలివాడు వీటన్నిటికిని వీపు త్రిప్పి నడచుచున్నాడు.

3. చూపు ఎట్లు సాక్ష్యమగును?

యెరూషలేములో పౌలునకు జరిగిన సంగతి చూడుడి. ఆసియనుండి వచ్చిన కొందరు పూర్వము పట్టణములో త్రోఫిము అను ఎఫెసువానిని పౌలుతో కూడ చూచియుండిరి. తరువాత పౌలును దేవాలయములో చూచిరి. ఈ రెండు చూపులను జతచేసి, పౌలు అన్యజనుని దేవాలయములోనికి తెచ్చెనని ఊహించిరి. తెచ్చుటను ఒక్కడును చూడలేదు. అయినను పట్టణమంతయు కదలెను, పౌలును చంపజూచిరి. ఊహ సాక్ష్యపు వస్త్రము ధరించి వీధిలోనికి వచ్చినప్పుడు జరుగునది ఇదియే.

దుకాణములో కూడ ఇట్లే జరుగును. ఒక ఉదాహరణము చెప్పుదుము. పదిమంది యువకులు ఒకేసారి లోనికి వచ్చిరనుకొనుడి. వారిలో ఇద్దరు నల్లవారు. కావలివాడు ఆ ఇద్దరినే వెంబడించెను. వారిలో ఒకడు తప్పు చేసిన పట్టుబడును. మిగిలిన ఎనిమిదిమందిలో ముగ్గురు తప్పు చేసినను వారిని చూచినవాడు లేడు. పుస్తకములో వ్రాయబడునది నల్లవాని పేరు ఒక్కటియే. మరుసటి సంవత్సరము క్రొత్త కావలివానికి ఆ పుస్తకమునే చూపి, "చూడు, మేము చెప్పలేదా? పట్టుబడువారు వీరే" అందురు. ఈ విధముగా అనుమానము తనకు కావలసిన సాక్ష్యమును తానే పుట్టించుకొనును. పుస్తకము అబద్ధము చెప్పుచున్నదని ఎవరికిని తోచదు. ఏలయనగా దానిలోని ప్రతి పంక్తియు నిజమే. వ్రాయబడని పంక్తులే అబద్ధము.

దేవుని ధర్మశాస్త్రము అబద్ధసాక్ష్యమును నిషేధించినది (నిర్గమకాండము 20:16). ఒక్క సాక్షి మాటమీద ఎవనిని దోషిగా ఎంచకూడదనియు, న్యాయాధిపతులు బాగుగా విచారింపవలెననియు ఆజ్ఞాపించినది (ద్వితీయోపదేశకాండము 19:15–18). మనము అబద్ధసాక్ష్యము అనగానే న్యాయస్థానములో బోను ఎక్కి పలుకుటయే అనుకొందుము. కాని ఒక బాలుడు ఏమియు చేయకమునుపే, అతడు చేయబోవునని మన కన్నులు మన హృదయమునకు చెప్పినయెడల, అది ఏ సాక్ష్యము? సాక్షియు మనమే, న్యాయాధిపతియు మనమే. నిందితునికి మాత్రము మాటలాడు వంతు లేదు. అందుచేతనే ఆ బాలుడు మాట లేకుండ సంచి తెరచెను. తనపై జరిగిన విచారణలో తనకున్న ఒకే సాక్ష్యమును అతడు కౌంటరు మీద పెట్టెను.

కాబట్టి ఆ కుమారుని ప్రశ్నకు మేము చెప్పు జవాబు ఇది. చూచుట పాపము కాదు. దుకాణము కాయువాడు చూడవలసినదే. అందరిలోనుండి ఒకనిని చర్మమును బట్టి ఏర్పరచుకొని చూచుట పాపము. అది కంటితో పలికిన అబద్ధసాక్ష్యము. యాకోబు తన పత్రికలో సభలోనికి వచ్చిన ఇద్దరిని గూర్చి వ్రాసెను. ఒకడు బంగారు ఉంగరముతో వచ్చెను, ఒకడు మాసిన బట్టలతో వచ్చెను. ఇద్దరిలో ఎవడును ఇంకను ఏమియు చేయలేదు. లోనికి వచ్చిరి, అంతే. వారికి వేరువేరు స్థలములు చూపినందుకే యాకోబు ఆ సంఘమువారిని తప్పుడు ఆలోచనలు గల న్యాయాధిపతులని గద్దించెను. పక్షపాతము ద్వారమునొద్దనే ఆరంభమగును.

4. "నష్టము నిజమే గదా?"

ఇక్కడ ఒక అభ్యంతరము వినవలెను. ఆ యజమాని చెడ్డవాడు కాడు. అప్పు చేసి కొట్టు పెట్టినవాడు. దొంగతనమువలన నష్టపోయినవాడు. రాత్రివేళ తుపాకి చూపి దోచుకొనువారి భయము ఆ కొట్టులవారికి నిజముగా కలదు. లటాషాను కాల్చిన స్త్రీ కూడ కొరియా దేశమునుండి వలస వచ్చి కష్టపడి బ్రతుకుచున్నది. ఆమె కుటుంబమునకు ఆ ప్రాంతపు ముఠాల బెదిరింపులు ఉండెను. ఈ సంగతులు దాచిపెట్టుట న్యాయము కాదు. పేదవాని పక్షముగాని గొప్పవాని పక్షముగాని వహింపక న్యాయముగా తీర్పు తీర్చవలెనని లేవీయకాండము 19:15 బోధించుచున్నది.

కాని భయము నిజమైనంత మాత్రమున అది చూపిన మనుష్యుడు దొంగ కాడు. నిన్న దోచుకొన్నవాడు ఒకడు, నేడు నారింజ రసము కొనవచ్చిన బిడ్డ మరియొకతె. ఒకని అప్పును మరియొకనియొద్ద వసూలు చేయువానిని మన ఊరిలో ఏమందుము? ఒకని నేరమును అదే రంగు గల మరియొకని లెక్కలో వ్రాయుట కూడ అటువంటిదే.

ఆ దేశపు చట్టము కూడ దుకాణదారుని విడిచిపెట్టలేదు. దొంగతనము జరిగినదని నమ్ముటకు సహేతుకమైన ఆధారము ఉన్నయెడల, తగిన రీతిగా, కొద్దికాలము ఒక మనుష్యుని నిలిపి విచారించు అధికారము అతనికి కలదు. అయితే ఆ ఆధారము చేసిన పనియై యుండవలెను. పుట్టిన జాతి కాదు. మరియొక వైపు, 1866లోనే చేయబడిన ఒక చట్టము కొనుటలోను ఒప్పందము చేసికొనుటలోను నల్లవారికి తెల్లవారితో సమానమైన హక్కు ఇచ్చినది. 1964 చట్టములో మామూలు సరుకుల దుకాణములు పేరుపెట్టి చెప్పబడలేదు గనుక, దుకాణములలో అన్యాయము పొందినవారు తరచుగా ఈ పాత చట్టమునే ఆశ్రయించుచుందురు. కాని కొననియ్యక ఆపిన గాని ఒప్పందమునకు భంగము కలుగలేదని అనేక న్యాయస్థానములు చెప్పినవి. వెంబడించి, తేరిచూచి, అవమానపరచి, చివరకు సరుకు అమ్మినయెడల, ఆ అవమానమునకు న్యాయస్థానములో వెల దొరకుట కష్టము.

ప్రియులారా, చట్టము ఆగిపోవు ఆ చోటనే సంఘము ఆరంభించవలెను. చట్టము చేతిని పట్టుకొనగలదు. కంటిని పట్టుకొనువాడు ప్రభువు మాత్రమే.

5. మనము మరచిపోకూడని సంగతి

1959లో మార్టిన్ లూథర్ కింగ్ గారు మన దేశమును దర్శించిరి. కేరళ రాష్ట్రములో అంటరానివారని పిలువబడిన కుటుంబముల పిల్లలు చదువు ఒక పాఠశాలకు వెళ్లగా, అచ్చటి ప్రధానోపాధ్యాయుడు ఆయనను అమెరికానుండి వచ్చిన తోటి అంటరానివాడని పిల్లలకు పరిచయము చేసెను. ఆ మాట మొదట తనకు కష్టము కలిగించెననియు, ఆలోచించిన తరువాత అది నిజమేనని ఒప్పుకొంటిననియు ఆయన 1965లో తన సంఘమునకు ప్రసంగించుచు చెప్పెను.

ఈ పత్రిక చదువువారిలో అనేకుల తాతలు ఆ మాటయొక్క భావమును పుస్తకములలో నేర్చుకొనలేదు. కొట్టు ముందర దూరముగా నిలిచి, నాణెము నేలమీద పెట్టి, సరుకు పైనుండి కొంగులో పడవేయగా పట్టుకొనినవారు వారు. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణముచేత అంటరానితనమును నిషేధించెను. తాతలు దూరముగా నిలిచిన చోటునుండి మనుమలు సముద్రము దాటి వెళ్లి కౌంటరు వెనుక నిలుచుచున్నారు. ఇది దేవుని కృప.

కాని కృప పొందినవాడు కౌంటరు మారగానే జ్ఞాపకము పోగొట్టుకొనవచ్చునా? ఇశ్రాయేలీయులు ఐగుప్తులో పరదేశులై యుండిరి గనుక పరదేశి మనస్సు ఎట్లుండునో వారెరుగుదురని దేవుడు వారికి జ్ఞాపకము చేసెను (నిర్గమకాండము 23:9). ఆ దినము దుకాణములో కౌంటరుకు ఇరువైపుల నిలిచిన ఇద్దరిలో ఆ చూపు బరువెంతో తన తాతను అడిగి తెలిసికొనగలవాడు మనవాడు. అతనికి నిద్ర పట్టకపోవుట మేలు అని మేము తలంచుచున్నాము. ఆ నిద్రలేమి పరిశుద్ధాత్మ చేయు పని.

6. ఏలీ దిద్దుకొనిన విధము

ఏలీని గూర్చి కఠినముగా మాటలాడితిమి. ఇప్పుడు అతని మేలును చెప్పవలెను. హన్నా వినయముగా తన మాట చెప్పుకొనగా ఏలీ మూడు పనులు చేసెను. మొదట, ఆమె మాట విని నమ్మెను. సాక్ష్యము తెమ్మనలేదు. రెండవది, తన మాటను పట్టుకొని వ్రేలాడక విడిచిపెట్టెను. మూడవది, ఆమె సమాధానముతో వెళ్లవలెనని దీవించి, ఆమె మనవి దేవుడు నెరవేర్చునుగాక అనెను. వచ్చినప్పుడు దుఃఖముతో నున్న ఆ స్త్రీ ముఖము వెళ్లునప్పుడు దుఃఖముగా నుండలేదు. తప్పుగా చూచిన వృద్ధుడు తన తప్పును దీవెనగా మార్చెను. ఆ దీవెన వెనుక సమూయేలు పుట్టెను.

మేము ఈ భాగము చదివి ఆ కుమారునికి మరల ఫోను చేసి మూడు మాటలు చెప్పితిమి. "బాబూ, లోపలికి వచ్చే ప్రతివాణ్ణి, ఏ రంగువాడైనా, ముందు పలకరించు. ఎవరి వెనకా నడవకు; నీ చోట నువ్వుండి అందరినీ ఒకే తీరుగా చూడు. విలువైన సరుకు ఉంటే కౌంటరు వెనక పెట్టించు, అద్దం పెట్టించు, అది అందరికీ ఒకటే. నీ యజమానితో మర్యాదగా, దాచకుండా ఈ మాట చెప్పు" అంటిమి.

రెండు వారముల తరువాత అతడు మరల మాటలాడెను. యజమానితో చెప్పెనట. యజమాని కోపపడి, "నష్టం వస్తే నీ జీతంలో కోస్తాను" అనెనట. పనిలోనుండి మాత్రము ఇంకను తీసివేయలేదు. అతడు ఎవరి వెనుకను నడచుట మానుకొనెను. దినమునకు ఎందరినో పలుకరించుచున్నాడు. కొందరు నల్లజాతి పిల్లలు మొదట ఆశ్చర్యముగా చూచి, ఇప్పుడు తిరిగి పలుకరించుచున్నారట.

"ఆ అబ్బాయి వచ్చాడా?" అని మేము అడిగితిమి.

"లేదయ్యగారూ. ఆ రోజు తర్వాత మళ్లీ రాలేదు" అని అతడు చెప్పెను.

హన్నా ఏలీ ముందర నిలిచి తన మాట చెప్పుకొనెను గనుక ఏలీకి దిద్దుకొను అవకాశము దొరికెను. మనము అనుమానించిన ప్రతివారును మరల మన ద్వారమునకు రారు. మన దీవెన వినకుండనే వారు వెళ్లిపోదురు. ఈ సంగతి మనలను భయపెట్టవలెను. తరువాత దిద్దుకొందమని కాక, లోనికి వచ్చువారి ముఖము చూచు మొదటి క్షణమందే మన చూపు పవిత్రముగా నుండవలెను. ఆ బాలునికి చెప్పలేని మాటను తరువాత వచ్చు బాలునికి చెప్పుటయే మనవానికి మిగిలిన మార్గము. అతడు ఆ మార్గములో నడచుచున్నాడు. అతనికొరకును, పేరు తెలియని ఆ బాలునికొరకును మన కుటుంబ ప్రార్థనలలో జ్ఞాపకము చేసికొందము.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఏలీ హన్నాను అడుగవలసియుండి అడుగని ప్రశ్న ఏది? మనము ఈ వారములో ఎవరిని గూర్చి అట్లు అడుగక తీర్పు తీర్చితిమి?

2. త్రోఫిము సంగతిలో చూచినది ఏది, ఊహించినది ఏది? రెండింటిని వేరుచేసి చెప్పుడి.

3. మన గ్రామములో ఏదైన వస్తువు పోయినప్పుడు మన కన్ను మొదట ఏ వీధివైపు, ఏ ఇంటివైపు తిరుగుచున్నది? ఎందుచేత?

4. పరదేశములలో పని చేయుచున్న మన బిడ్డలకు ఈ విషయమును గూర్చి ఏమని వ్రాయుదము?

ప్రార్థన

హృదయమును లక్ష్యపెట్టు దేవా, మా కన్నులు చూచినదానికంటె ఎక్కువ చెప్పుచున్నవి, మేము వాటిని నమ్ముచున్నాము. మమ్మును క్షమించుము. ఏ నేరమును చేయక నేరస్థులవలె నడువవలసిన బిడ్డలను, వారికి భయముతో జాగ్రత్తలు చెప్పు తల్లులను ఆదరించుము. బిడ్డలను పోగొట్టుకొనినవారి కన్నీరు తుడువుము. ద్వారములయొద్ద కూర్చున్న మా కుమారులకును కుమార్తెలకును నీ కుమారుని చూపు అనుగ్రహించుము. వారియొద్దకు వచ్చువారు సమాధానముతో వెళ్లుదురుగాక. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.